వాడి వంతు వాడికి వదిలిపెట్టు

గుంటూరు

చి.ల.సౌ. లావణ్యకు పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో మాట్లాడదామంటే నీకు మీటింగులు, నాకు క్లినిక్కు. పైగా ఇది ఒకసారి విని వదిలేసే సంగతి కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. అల్లుడుగారి చేత కూడా చదివించు.

నానిగాడికి 20 నెలలు నిండాయి, పది పన్నెండు మాటలకు మించి రావడం లేదు, ఎదురు ఫ్లాటులో అదే ఈడు పిల్ల చిన్న చిన్న వాక్యాలే మాట్లాడేస్తోంది అని నీ బెంగ. ఫ్లాష్ కార్డులు కొననా, ఫోన్లో ఏదైనా యాప్ వేయనా, ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెట్టనా అని అడిగావు. ఈ మూడింట్లో ఏదీ అక్కర్లేదు. ఒక్క పని మాత్రం వెంటనే చెయ్యి: వాడి చెవుల పరీక్ష. దాని గురించి కింద రాస్తాను.

నీ మాటల్లో నాకు ధైర్యం కలిగించినవి ముందు చెబుతాను. ‘చెప్పులు తే’ అంటే వెళ్లి తెస్తున్నాడన్నావు. బాల్కనీలో పావురం వాలితే దాన్ని వేలితో చూపించి, నీ మొహం వైపు తిరిగి చూస్తున్నాడన్నావు. ఆ వేలు చూపించి నీ వైపు తిరగడం చిన్న విషయం కాదమ్మా. ‘అదిగో, నువ్వు కూడా చూడు’ అని నోరు విప్పకుండానే వాడు నీతో అన్నాడు. క్లినిక్కులో పిల్లల్ని చూసేటప్పుడు మాటలు లెక్కపెట్టే ముందు నేను వెతికేది దాన్నే. మాట అర్థం కావడం ముందు, అనగలగడం తరవాత. రెంటికీ మధ్య నెలల ఎడం ఉండడం మామూలే. కొందరు పిల్లలు ఆ ఎడం త్వరగా దాటతారు, కొందరు నింపాదిగా దాటతారు. ఎదురింటి పిల్లను కొలబద్ద చేసుకోకు.

ఇన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చిన తల్లులకు నేను చెబుతూ వచ్చింది ఒక్కటే. మాట్లాడడంలో పిల్లవాడికీ ఒక వంతు ఉంది, దాన్ని వాడికి వదలండి అని. మన ఇళ్లలో పిల్లలతో మాట్లాడకపోవడమనేది లేదు. ముద్దు చేస్తాం, పాడతాం, ఊరికే పలకరిస్తూనే ఉంటాం. కానీ వాడి జవాబు కూడా మనమే చెప్పేస్తాం. ‘నానికి పాలు కావాలా? ఆఁ, కావాలి కావాలి. ఇదిగో తాగెయ్’ అని ప్రశ్న, జవాబు, పాలగ్లాసు అన్నీ ఒక్క ఊపిరిలో అయిపోతాయి. వాడికి నోరు తెరవాల్సిన పనే లేకుండా పోతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2018లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. సరిగ్గా మనవాడి ఈడు, అంటే 18 నుంచి 24 నెలల పిల్లల ఇళ్లలో చిన్న రికార్డర్లు పెట్టి, మాట పెద్దవాళ్లకూ పిల్లలకూ మధ్య ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కగట్టారు. పదేళ్లయ్యాక ఆ పిల్లల్నే మళ్లీ పరీక్షించారు. ఆ ఈడులో అలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కువగా నడిచిన ఇళ్లలోని పిల్లలు భాషా పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. అదే ఏడాది ఎంఐటీ పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు కథలు వింటుండగా వాళ్ల మెదడును స్కాన్ చేశారు. ఇంట్లో పెద్దవాళ్లు మొత్తం ఎన్ని మాటలు మాట్లాడారన్న దానికన్నా, మాట ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందన్నదే భాషను చూసుకునే మెదడు భాగం చురుకుదనంతో ఎక్కువగా ముడిపడి కనిపించింది. నువ్వు కొంటానన్న కార్డులూ యాప్ మాటలు వినిపించగలవు. నాని ఏదో అంటే దానికి తగ్గట్టు బదులు పలకడం వాటికి చేతకాదు.

అందుకని ఒక మాట అను, ఆగు. మనసులో అయిదు లెక్కపెట్టుకో. మొదట్లో ఆ మౌనం నీకే ఇబ్బందిగా ఉంటుంది, ఏదో ఒకటి అనెయ్యాలనిపిస్తుంది. అనకు. వాడి కళ్లలోకి చూస్తూ ఉండు. వాడి వంతు మాటే కానక్కర్లేదు. ఒక చూపు, చెయ్యి చాపడం, ‘ఊఁ’ అనడం, కాళ్లు ఆడించడం, ఏది చేసినా వాడు పలికినట్టే. దానికి నువ్వు బదులు చెప్పు. ‘ఊఁ’ అంటే ‘ఓహో, పాలు కావాలా!’ అను. వాడు ‘పా’ అన్నాడనుకో, ‘పాలు! వేడి పాలు’ అని ఒక్క మెట్టు పైకి చేర్చు. అక్కడితో చాలు. పది మాటల వాక్యం చెబితే అందులో ఏది పట్టుకోవాలో వాడికి తెలియదు.

వాడు కుక్కను ‘తుక్క’ అంటున్నాడని నవ్వుతూ చెప్పావు. చాలామంది పిల్లలకు ‘క’ పలకడం ‘త’ కంటే ఆలస్యంగా వస్తుంది, నోటి వెనక భాగంలో పలికే అక్షరం కదా. ‘తుక్క కాదు, కుక్క అను’ అని దిద్దకు. ‘అవును, కుక్క! పెద్ద కుక్క!’ అని సరైన మాటను నీ నోట వినిపించి ముందుకు వెళ్లిపో. అనమన్నకొద్దీ పిల్లలు బిగుసుకుంటారు. అలాగే ఎవరైనా చుట్టాలొస్తే ‘ఆవు ఎలా అరుస్తుంది? ముక్కు ఏది? తాత పేరేంటి?’ అని వరస ప్రశ్నలు వేయించి వాడిని పరీక్షకు నిలబెట్టకండి. జవాబు తెలిసి అడిగే ప్రశ్న వల్ల వాడికి కొత్తగా వచ్చేదేమీ లేదు. వాడు దేన్ని చూస్తున్నాడో నువ్వూ దాన్నే చూసి, దాని గురించి రెండు ముక్కలు చెప్పు. మనసు ఎక్కడ ఉంటే మాట అక్కడే అతుక్కుంటుంది.

వీటికి వేరే సమయం ఎక్కడ దొరుకుతుందన్నావు. వేరే సమయం అక్కర్లేదు. సాయంత్రం లాప్‌టాప్ మూసి నువ్వు వంటింట్లోకి వెళ్లినప్పుడు వాడిని హాల్లో టీవీ ముందు కూర్చోబెడుతున్నావు కదా, ఆ అరగంట నాకివ్వు. వాడిని కూడా వంటింట్లోకి రానియ్యి. పొయ్యికి దూరంగా కింద చాప వేసి, కూరల బుట్ట వాడి ముందు పెట్టు. బఠాణీలు, పల్లీలు, శనగలు మాత్రం దగ్గర ఉంచకు. ఈ ఈడు పిల్లలు వాటిని ముక్కులో దోపుకుంటారు, మింగితే గొంతుకు అడ్డం పడతాయి. బంగాళాదుంపలు, వంకాయలు, దొండకాయలు, కరివేపాకు రెబ్బలు చాలు. ఉల్లిపాయ ఒకటి చేతికిస్తే పొట్టు లాగుతూ కూర్చుంటాడు.

నీ చేతులు చేస్తున్న పనినే మాటల్లో పెట్టు. ‘వంకాయ కోస్తున్నా. కోశాను. నీళ్లలో వేద్దామా? వేశాం!’ మన తెలుగులో పని చెప్పే మాట వాక్యం చివర వస్తుంది. చివర పడ్డ మాట పిల్లల చెవికి సులువుగా అందుతుంది. కోస్తున్నా, కోశాను, వేద్దామా, వేశాం అని పనిని ఇన్ని రకాలుగా విన్నవాడికి జరుగుతున్నదీ, అయిపోయిందీ, కలిసి చేయబోయేదీ వేరువేరని మెల్లగా తెలుస్తుంది. చాలామంది తల్లులు పేర్లు మాత్రమే నేర్పుతారు: ఇది వంకాయ, ఇది చెంచా, ఇది గ్లాసు. పేర్లు ఎన్ని వచ్చినా వాక్యం కాదు. ‘దా’, ‘ఇవ్వు’, ‘వద్దు’, ‘పడింది’, ‘అయిపోయింది’, ‘ఇంకా’ లాంటివి వస్తేనే వాడు రెండు మాటలు కలపగలడు. ‘ఇంకా బువ్వ’ అన్న రోజున నాకు ఫోన్ చెయ్యి.

వంటింట్లో ఇంకో సంపద ఉంది, దాన్ని కొనలేం. పోపు చిటపటమంటుంది, పప్పు కుతకుతలాడుతుంది, కుళాయి జలజల కారుతుంది, మూత ఠంగుమని పడుతుంది, నీ గాజులు గలగలమంటాయి. ఇలాంటి మాటలు మన భాషలో లెక్కలేనన్ని. చప్పుడే మాటగా మారింది కాబట్టి పిల్లవాడికి అర్థం వెతుక్కునే శ్రమ ఉండదు. చాలావాటిలో ఒకే ముక్క రెండుసార్లు తిరిగి వస్తుంది కాబట్టి నోరూ తిరుగుతుంది. నోరు విప్పడానికి వెనకాడే పిల్లల దగ్గర నేను ఎప్పుడూ వీటితోనే మొదలుపెడతాను. మూత పడగానే నువ్వు ‘ఠంగ్!’ అని ఆగి చూడు. రెండు మూడు రోజులకు మూత పడగానే నీకంటే ముందు వాడే అంటాడు.

స్నానం కూడా ఇలాంటిదే. మీ అత్తగారు వాడికి లాల పోసేటప్పుడు ‘చెయ్యి ఇవ్వు, కాలు ఇవ్వు, బొజ్జ ఏది, బొజ్జ ఇదిగో’ అంటూ పోస్తారని నాకు తెలుసు. ఆవిడను అలాగే పోయనియ్యి, తొందరపెట్టకు. ఆ చెంబు నీళ్లకు ముందు క్షణం ఆగి ‘పోయనా?’ అని అడిగి, వాడు తల ఊపో, ‘ఊఁ’ అనో చెప్పాక పోయమను, అంతే. బాల్కనీలో నిలబడితే పొద్దున్నే చెత్త ఆటో పాట వినిపిస్తుంది, వాచ్‌మన్ మొక్కలకు నీళ్లు పెడుతుంటాడు, లిఫ్టు దగ్గర నొక్కడానికి బొత్తాలు ఉంటాయి. మియాపూరులో అపార్ట్‌మెంటు జీవితం పిల్లలకు ఏమీ ఇవ్వదన్నావు కానీ, పల్లెటూరి వాకిలిలో నిలబడ్డ పిల్లవాడికీ మనవాడికీ ఈ విషయంలో తేడా లేదు. పక్కన మాట్లాడే మనిషి ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది దోబూచులాట. జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త 1970ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు తల్లీ పిల్లలూ ఆడుకునే ఈ ఆటను నెలల తరబడి గమనించాడు. మొదట్లో దాక్కునేదీ తల్లే, ‘బూ’ అనేదీ తల్లే. పోనుపోను పిల్లవాడు తన వంతు ఎప్పుడొస్తుందో కనిపెడతాడు, చివరికి దుప్పటి లాక్కుని తనే దాక్కుంటాడు. ఒకరు చేశాక ఇంకొకరు చెయ్యాలి, మధ్యలో ఎదురుచూడాలి. మాట్లాడుకోవడానికి కావలసిన పద్ధతంతా ఆ ఆటలో ఉంది. చప్పట్లు, తారంగం, కాళ్ల మీద కూర్చోబెట్టి ఊపుతూ పాడే పాటలు, ఇవన్నీ అదే కోవలోవి. వాడికి బాగా అలవాటైన పాట పాడుతూ ఆఖరి మాట దగ్గర ఆపెయ్యి. వాడు నీ నోటి వైపు చూస్తాడు. కాసేపాగితే ఆ మాటో, దాని తోకో వాడే అందిస్తాడు.

బొమ్మల విషయంలో ఖర్చు పెట్టకు. బ్యాటరీ వేసి మీట నొక్కితే ఇంగ్లీషు అక్షరాలు పాడే బొమ్మ ఒకటి పుట్టినరోజుకు వచ్చిందన్నావు. దాన్ని అటక మీద పెట్టెయ్యి. పాడే బొమ్మలతో ఆడుతున్నప్పుడు, పుస్తకాలూ మామూలు బొమ్మలతో ఆడేటప్పటికంటే, తల్లిదండ్రులు తక్కువ మాట్లాడతారు. పుస్తకాలు చూసేటప్పటికంటే పిల్లలూ తక్కువ పలుకుతారు. ఏడాది ఈడు పిల్లల ఇళ్లలో దీన్ని గమనించి 2016లో ప్రచురించారు. బొమ్మే మాట్లాడేస్తుంటే మనిషి ఊరుకుంటుంది మరి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క రంగులు పూసిన పిడతలు, గిన్నెలు నేను పంపుతాను. వాటిలో చిన్న చిన్న మూతలు మాత్రం ముందే తీసి దాచు. ఖాళీ పిడతలో గరిటె తిప్పి ‘ఆం’ అని నీ నోటికి అందించాడంటే, లేని బువ్వను ఉన్నట్టు అనుకోగలుగుతున్నాడన్నమాట. ఒకదాన్ని ఇంకొకటిగా అనుకోగలగడం, మాట నేర్వడం, రెండూ కలిసి పెరుగుతాయి. నువ్వు తిని, ‘ఉప్పు తక్కువైంది!’ అను.

పుస్తకాల గురించి పెద్దగా చెప్పేది లేదు. మందపాటి అట్టలవి రెండు మూడు ఉంటే చాలు. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం వాళ్ల దగ్గర, చెన్నై తూలిక వాళ్ల దగ్గర తెలుగులో పిల్లల పుస్తకాలు దొరుకుతాయి. అందులో రాసింది రాసినట్టు చదవక్కర్లేదు. వాడు ఏ బొమ్మ మీద వేలు పెడితే దాని గురించి చెప్పు. అదే పుస్తకం రోజూ తెస్తాడు, విసుక్కోకు.

ఇక ఫోన్. అన్నం తినిపించడానికి వీడియో పెట్టడం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది, నిన్ను తప్పుపట్టను. కానీ మానిపించాలి. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఇదే చెప్పింది: ఏడాది పిల్లలకు వద్దు, రెండేళ్లు నిండాక రోజుకు గంటకు మించవద్దు అని. వీడియో ఎంత మంచిదైనా ఎందుకు పనిచేయదో 2003లో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం చూపించింది. అమెరికాలో 9 నెలల పిల్లలకు చైనా మాండరిన్ వినిపించారు. కొందరితో ఎదురుగా మనిషి కూర్చుని ఆడుతూ మాట్లాడింది. కొందరికి అవే మాటలు టీవీలోనో, టేపు మీదో వినిపించాయి. మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు, టీవీ దగ్గర కూర్చున్నవాళ్లకు అసలేమీ అంటలేదు. మీ అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడించడం వేరు. అక్కడ వాడు చెయ్యి ఊపితే అమ్మమ్మ తిరిగి ఊపుతుంది. దాన్ని మానిపించకు.

అన్నం దగ్గర ఫోన్ తీసేస్తే మొదట్లో గొడవ చేస్తాడు, తక్కువ తింటాడు. తిననీ. మీతో పాటు కింద కూర్చోబెట్టి వాడి పళ్లెంలో నాలుగు మెతుకులు పెట్టు, కెలుక్కోనీ. హాల్లో ఎవరూ చూడకుండా మోగుతుండే టీవీని కూడా కట్టేయండి. దాని హోరులో మీ మాటలు వాడికి విడివిడిగా వినిపించవు.

భాష సంగతి. ప్లేస్కూలు వాళ్లు ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడమన్నారని విని బాధ కలిగింది. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. వాడికి వచ్చిన మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగువీ ఇంగ్లీషువీ కలిపే లెక్కపెట్టాలి. ‘బాల్’, ‘కారు’, ‘బువ్వ’, ‘బజ్జో’ అన్నీ మాటలే. నీకు ముద్దూ కోపమూ ఏ భాషలో వస్తాయో, ఏ భాషలో నువ్వు వెతుక్కోకుండా పది రకాలుగా చెప్పగలవో, దానిలోనే వాడితో మాట్లాడు. మీ అత్తగారిది చీరాల మాట, పనమ్మాయిది శ్రీకాకుళం యాస. రెండూ విననీ. ఇంగ్లీషు బడి చూసుకుంటుంది. తెలుగు ఇవ్వాల్సింది మీరే.

మీ అత్తగారు వస అరగదీసి నాకిద్దామంటున్నారన్నావు. వద్దు లావణ్యా. వస కొమ్ము నూనె ఎలుకల్లో కణుతులు పుట్టించిందని తేలాక, అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో కలపకూడదని నిషేధించింది. వస నాకిన పసివాళ్లకు వాంతులు పట్టుకోవడమూ ఉంది. నాలుక కింద తీగ కోయించమని ఎవరైనా సలహా ఇచ్చినా వినకు. నిజంగా తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడం దగ్గరో, కొన్ని అక్షరాలు పలకడం దగ్గరో ఇబ్బంది కావచ్చు గానీ, మాటలు రాకపోవడానికి అది కారణం కాదు. అత్తగారితో మాత్రం మెత్తగా చెప్పు. వద్దని ఊరుకోకుండా ఆవిడకు పని అప్పజెప్పు: లాల, తారంగం, పడుకునే ముందు కథ, ఇవి మీవే అత్తయ్యా అని. పగలంతా వాడితో ఉండేది ఆవిడే. ఈ ఉత్తరంలో సగం నిజానికి ఆవిడకే.

చెవుల పరీక్ష గురించి. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో బాగానే ఉన్నా మళ్లీ చేయించు. ఈ ఈడులో జలుబులకు చెవి లోపల నీరు చేరి వినికిడి మందగించవచ్చు, బయటికి ఏమీ తెలియదు. ఓఏఈ అని చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసేది కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అనుమానం ఉంటే పడుకోబెట్టి బెరా అనే ఇంకో పరీక్ష చేస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ వినికిడీ మాటా రెండూ చూస్తారు.

మామూలుగా రెండేళ్లు నిండేసరికి 50 మాటల దాకా వచ్చి, రెండేసి మాటలు కలపడం మొదలవ్వాలి. నాని అప్పటికీ కలపకపోతే ‘మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ల నాన్నకీ మూడేళ్లకు గానీ రాలేదు’ అన్న మాటలు పట్టుకుని కూర్చోకు, స్పీచ్ థెరపిస్టుకు చూపించు. ఏడాది నిండినా వేలు చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, ఏ ఈడులోనైనా వచ్చిన మాటలు పోవడం, ఇవి కనిపిస్తే ఎవరి పిల్లలకైనా వెంటనే చూపించమని చెప్పు. మీ పనమ్మాయి కొడుక్కి రెండున్నరేళ్లు, ఇంకా మాటలు లేవన్నావు కదా. నానికంటే ముందు నాకు వాడి మీద దిగులుగా ఉంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనే పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి ఉచిత చికిత్సకు పంపుతారు. ఆ అమ్మాయికి ఇవన్నీ ఎవరు చెబుతారు? ఒక పూట సెలవిచ్చి నువ్వే దగ్గరుండి అంగన్‌వాడీకి తీసుకెళ్లు.

అల్లుడుగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు నిద్రకు సిద్ధమవుతాడన్నావు. అయినా పది నిమిషాలు ఆయనవి. షూ విప్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, ఒక లేసు తను లాగి, రెండోది వాడిని లాగనిస్తూ మాట్లాడమను. ఫోన్ జేబులోనే ఉండాలి.

వినికిడి పరీక్ష కాగితం చేతికి రాగానే ఫోటో తీసి పంపు. అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పిన్ని